వెనక్కి తిరిగి చూస్తే: గుంటూరు పిల్లల గ్రీకు తోలుబొమ్మలాట

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ రోజు గెస్ట్ మన గుంటూరు కుర్రాడే, డిగ్రీ ఫైనలియర్. వీళ్ల బ్యాచ్ కలిసి తోలుబొమ్మలాట ఆడారు, అయితే రామాయణం కాదు, గ్రీకు పురాణం! బ్రాడీపేటలో ఆడిన రోజు నేనూ చూశాను, ఇంటికెళ్లాక కూడా ఆ చివరి సీనే కళ్ల ముందు తిరిగింది. తమ్ముడూ, అన్ని కథలుండగా ఆర్ఫియస్‌నే ఎందుకు పట్టుకున్నారు?

గెస్ట్: నీడల వల్లే అక్కా. గ్రీకుల లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు పాతాళంలో నీడలుగా ఉంటారు. మనం ఆడేదీ నీడలతోనే కదా, ఇంతకంటే సరిపోయే కథ ఏముంటుంది? ముందు ట్రాయ్ గుర్రం అనుకున్నాం, అట్ట కూడా కోసేశాం, ఈ సంగతి తట్టాక దాన్ని పక్కన పెట్టేశాం.

హోస్ట్: తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్పు.

గెస్ట్: ఆర్ఫియస్ పాడితే చెట్లూ రాళ్లూ కూడా కదిలొచ్చేవట. పెళ్లయిన కొత్తలోనే భార్య యూరిడిసీని పాము కాటేసింది. ఆయన పాతాళానికి దిగిపోయి, తన పాటతో అక్కడి రాజు హేడిస్ మనసు కరిగించాడు. తీసుకుపో, కానీ పైన వెలుగులోకి చేరేదాకా వెనక్కి తిరిగి చూడకు అన్నాడు హేడిస్. ఇంకొక్క అడుగు ఉందనగా చూశాడు. అంతే, ఆవిడ మళ్లీ నీడల్లో కలిసిపోయింది.

హోస్ట్: మరి బొమ్మల పని ఎవరు నేర్పారు?

గెస్ట్: నరసరావుపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తాతగారూ అని పిలిచేవాళ్లం. ఆయన రాకముందు మేం తెల్ల పంచె కట్టి, వెనక ట్యూబ్‌లైట్ పెట్టి ఆడి చూశాం, బొమ్మల అంచులన్నీ అలుక్కుపోయాయి. ఆయన చూసి, "వెలుగు ఒక్క చోట నుంచి రావాలిరా, బొమ్మ తెరకి అంటుకోవాలి" అన్నారు. ట్యూబ్‌లైట్ తీసేసి చిన్న బల్బు ఒకటి పెడితే ముక్కు కొనతో సహా స్పష్టంగా కనిపించింది. రాత్రి పదకొండింటికి మేమందరం చప్పట్లు కొట్టేశాం అక్కా.

హోస్ట్: మీ బొమ్మల్లో కొన్ని రంగులవి, కొన్ని ఉత్త నలుపు. అది కావాలని చేసిందేనా?

గెస్ట్: కావాలనే. మేక తోలు పలచగా గీకి ఆరబెడితే వెలుగు దాటుతుంది, అందుకే మన బొమ్మల నీడ నల్లగా ఉండదు, ఎరుపూ ఆకుపచ్చా తెర మీదికి వస్తాయి. నగలూ చీర అంచూ చిల్లులు కొట్టి చెక్కుతారు కాబట్టి ఆ చుక్కలు మెరుస్తాయి. అట్ట బొమ్మకి అవేమీ ఉండవు. దాంతో బతికున్నవాళ్లకి తోలు, చనిపోయినవాళ్లకి అట్ట అనుకున్నాం. యూరిడిసీకి రెండు బొమ్మలు. పెళ్లిలో ఎర్ర చీరతో తోలుబొమ్మ, పాతాళంలో అదే కొలతకి కోసిన నల్ల అట్ట.

హోస్ట్: అబ్బ! ఆ చివరి సీనులో ఆవిడ పెద్దదై మాయమవ్వడం ఎలా చేశారు?

గెస్ట్: అదంతా మా జూనియర్ చెయ్యి పనితనమే. ఆ బొమ్మని తెర మీద నుంచి మెల్లగా వెనక్కి, బల్బు వైపు లాగుతుంది. లాగేకొద్దీ నీడ పెరుగుతుంది, అంచులు చెదురుతాయి, చివరికి తెరంతా మసక. సరిగ్గా అప్పుడే నేను ఆర్ఫియస్‌ని తిప్పాలి. మన బొమ్మలు పక్కమొహంతో ఉంటాయి కదా, వెనక్కి చూడాలంటే మెడ తిప్పడం కుదరదు, కర్రతో బొమ్మ మొత్తాన్ని ఒక్క ఊపులో తిరగెయ్యాలి. రిహార్సల్స్‌లో నాకు ఆ ఒక్క తిప్పు దగ్గరే టెన్షన్. నెమ్మదిగా తిప్పితే కాగితం పేజీలా సన్నగా అయిపోయి నవ్వొస్తుంది, గబుక్కున తిప్పితే జనం గుండె ఆగుతుంది.

హోస్ట్: మధ్యలో మన తోలుబొమ్మలాటలో నవ్వించే జుట్టు పోలిగాడు, బంగారక్క కూడా వచ్చారే!

గెస్ట్: వాళ్లు లేని ఆట ఆటే కాదన్నారు తాతగారు. గ్రీకు కథలో పాతాళపు నది దాటించే పడవవాడు ఉంటాడు, పేరు కేరన్, చనిపోయినవాళ్ల నోట్లో పెట్టిన నాణెమే వాడి కూలి. పోలిగాడు వాడితో బేరం పెట్టాడు: "మా ఊళ్లో ఆవు తోక పట్టుకుంటే వైతరణి దాటిస్తారయ్యా, నీకు డబ్బులెందుకు?" అని. జనం విరగబడి నవ్వారు. అసలు గ్రీసులోనూ నీడబొమ్మలాట ఉంది అక్కా, అక్కడి హాస్యగాడు కరాగియోజిస్‌కి గూను, బారెడు చెయ్యి, ఎప్పుడూ ఆకలి. వాడు టర్కీ కరాగోజ్ నుంచి వచ్చినవాడు. మన పోలిగాడి పక్కన నిలబెడితే ఇద్దరూ చక్కగా మాట్లాడుకుంటారు.

హోస్ట్: చూసినవాళ్లు ఏమన్నారు?

గెస్ట్: ముందు వరసలో ఒక మామ్మగారు కూర్చున్నారు. అయిపోయాక తెర వెనక్కి వచ్చి ఆ నల్ల అట్ట బొమ్మని చేతిలోకి తీసుకున్నారు. "సావిత్రి యముడి వెంట నడిచి మొగుణ్ణి తెచ్చుకుంది కదా, ఈ పిల్లవాడు అంత దూరం వెళ్లి ఒక్క అడుగు ఆగలేకపోయాడా?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. మా జూనియరే చెప్పింది, "వెనకాల అడుగుల చప్పుడు వినిపించలేదు మామ్మా, నీడకి చప్పుడుండదు కదా" అని.

హోస్ట్: ఆవిడేమన్నారు?

గెస్ట్: ఏమీ అనలేదు. బొమ్మ చెయ్యి కాస్త మడత పడి ఉంటే సాఫు చేసి, జాగ్రత్తగా మా చేతికిచ్చి వెళ్లారు.