క్లాంప్ పెట్టాక గుండెని కాపాడేది ఎలా? పెర్ఫ్యూజన్ స్టూడెంట్స్ కోసం

నమస్తే అండి. ఈరోజు కార్డియోప్లీజియా గురించి, అంటే ఆపరేషన్‌లో గుండెని ఆపి కాపాడే ద్రావణం గురించి చెప్పుకుందాం. సర్జన్ అయోర్టాకి (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనికి) క్లాంప్ బిగించి "క్లాంప్ ఆన్" అన్నారంటే వెంటనే మీ టైమర్ నొక్కెయ్యాలి, ఎందుకంటే మన హార్ట్-లంగ్ మెషీన్ పంపు ఒళ్ళంతా రక్తం తిప్పుతూనే ఉంటుంది కానీ ఆ క్షణం నుంచి గుండెకి మాత్రం చుక్క అందదు.

చాలామంది చల్లదనమే కాపాడుతుంది అనుకుంటారు. అది కావాలి, కాదనట్లేదు, కానీ అసలు లాభం కొట్టుకోవడం ఆగడంలో ఉంది. కొట్టుకునే గుండె 100 గ్రాముల కండకి నిమిషానికి 8 నుంచి 10 ఎంఎల్ ఆక్సిజన్ లాగేస్తుంది, ఆగిందా, దాదాపు 1 ఎంఎల్‌కి పడిపోతుంది, చల్లబరిస్తే ఆ మిగిలింది ఇంకాస్త తగ్గుతుంది.

ఆపేది పొటాషియం. రక్తంలో లీటరుకి 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ ఉండేది, సెయింట్ థామస్ అనే కార్డియోప్లీజియా సొల్యూషన్‌లో 16 ఉంటుంది. అలాగని ఎంత పోస్తే అంత మంచిది కాదు, 1955లో బ్రిటన్ డాక్టర్ మెల్‌రోజ్ పొటాషియం సిట్రేట్‌తో గుండెని ఆపి చూపించారు గానీ, ఆ గాఢతకి కండ దెబ్బతింటోందని తేలి ఆ పద్ధతి వదిలేశారు.

ఇప్పుడు ఈసీజీ చూడండి. గీత సాఫీగా పడుకోవాలి. సన్నగా వణుకుతూ ఉంటే ఇంకా ఆక్సిజన్ ఖర్చు అవుతున్నట్టే, వెంటనే సర్జన్‌కి చెప్పండి.

అయోర్టిక్ వాల్వ్ లీక్ ఉన్న పేషెంట్ దగ్గర ఇంకా జాగ్రత్త. రూట్‌లో (అయోర్టా మొదట్లో) ఇచ్చింది కరోనరీల్లోకి (గుండె కండకి రక్తం తెచ్చే ధమనుల్లోకి) పోకుండా ఎడమ జఠరికలోకి జారిపోతుంది, రూట్ ప్రెషర్ లేవదు, గుండె ఉబ్బుతుంది. అప్పుడు అయోర్టా తెరిచి ఆస్టియాల్లోకే (కరోనరీల నోళ్ళలోకే) ఇస్తారు, లేదా గుండె సిరలు కలిసే కరోనరీ సైనస్ నుంచి వెనక్కి ఇస్తారు. వెనక్కి ఇచ్చేటప్పుడు ప్రెషర్ 40 ఎంఎంహెచ్‌జీ దాటనివ్వకండి, సిర చిరిగిపోవచ్చు. అసలు పెరగకపోతే కాథెటర్ జారిందేమో అడగండి. ఇంకోటి, ఈ దారిలో కుడి జఠరికకి సరిగ్గా అందదు, దాన్ని మర్చిపోవద్దు.

బ్లడ్ కార్డియోప్లీజియా, అంటే నాలుగు పాళ్ళు రక్తం ఒక పాలు సొల్యూషన్, 15-20 నిమిషాలకోసారి మళ్ళీ ఇవ్వాలి. నేను కొత్తలో ఒక కేసులో చార్ట్ రాస్తూ ఉండిపోయా, తలెత్తి చూస్తే 26 నిమిషాలు. పేషెంట్‌కి ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి 15 కాగానే థియేటర్ అంతా వినపడేలా "పదిహేను" అని చెప్తా, ఎవరూ అడగకపోయినా. మీరూ చెప్పండి.

డెల్ నీడో అనే ఇంకో రకం కార్డియోప్లీజియాలో ఈ పాళ్ళు తిరగబడతాయి, లిడోకెయిన్ అనే మందు కూడా ఉంటుంది, ఒక్క డోస్‌తో గంట పైనే లాగుతుంది. అది కలిపే విధానం వచ్చే వీడియోలో చేసి చూపిస్తా.