గడ్డకట్టే రాత్రికి ముందు: వాననీళ్ల డ్రమ్ము, పెరటి మొక్కలు

శ్రోతలకు నమస్కారం. డాలస్ చుట్టుపక్కల ఇళ్లలో కరివేపాకు, మునగ, మల్లె పెంచుకుంటూ, కప్పు మీద పడిన వానను డ్రమ్ములో పట్టుకునేవాళ్ల కోసం ఈ మాటలు. ఇక్కడ సాధారణంగా నవంబరు మూడో వారం దాటాక గడ్డకట్టే రాత్రులు మొదలై, మార్చి నడిమి దాకా వస్తూ పోతూ ఉంటాయి. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది. అంత చలి ఏటా రాదు. కానీ 20ల్లోకి దిగే రాత్రులు దాదాపు ప్రతి ఏడూ ఉంటాయి.

చలికి ముందు డ్రమ్ము ఖాళీ చేయాలి, నేల తడపాలి. ఇవి రెండు పనులు కావు, ఒకటే పని. పారబోయాల్సిన నీళ్లే మొక్కకు దుప్పటి. పొడినేలలో మట్టిరేణువుల మధ్య గాలి ఉంటుంది, అది వేడిని నిలుపుకోలేదు. తడినేల పగటి ఎండను పట్టి ఉంచి, రాత్రంతా మెల్లగా పైకి వదులుతుంది. 55 గ్యాలన్ల డ్రమ్ము సుమారు 90 చదరపు అడుగుల మడికి ఒక అంగుళం నీరిస్తుంది. చలి దిగే ముందురోజు పొద్దున్నే మొదళ్ల దగ్గర మాత్రమే పోయండి. ఆకులు తడవకూడదు, నేల బురద కాకూడదు.

డ్రమ్ము ఎందుకు పగులుతుంది? నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఒక్క రాత్రి 30 డిగ్రీలు తాకి పొద్దున్నే కరిగిపోతే నిండు డ్రమ్ముకు పైన పలుచని పొర కడుతుందంతే. రెండు మూడు రోజులు వరసగా, నీరు గడ్డకట్టే హద్దయిన 32 డిగ్రీలు దాటకపోతేనే గోడకు ముప్పు. కుళాయి మాత్రం అంతకంటే చాలా ముందే పోతుంది. అందులో ఉండేది గుక్కెడు నీళ్లు, చుట్టూ చలిగాలి. పిడి తిప్పే బాల్ వాల్వ్ అయితే ఇంకో చిక్కు ఉంది: పూర్తిగా మూసినా, పూర్తిగా తెరిచినా లోపలి గుండు చుట్టూ కాస్త నీరు చిక్కుకుంటుంది. ఆ చుక్కలే గడ్డకట్టి వాల్వ్‌ను చీలుస్తాయి. అందుకే డ్రమ్ము ఖాళీ అయ్యాక పిడిని సగంలో ఆపండి, ఆ నీరూ జారిపోతుంది. పైపు ఊడదీసి, నీళ్లు వంచేసి, చుట్ట చుట్టి గ్యారేజీలో పెట్టండి. డ్రమ్ములో కుళాయి మట్టానికి కింద మిగిలే రెండంగుళాల నీటితో భయం లేదు, దానికి పైకి ఉబ్బేందుకు చోటుంది.

ఇంత చేసీ చాలామంది మరిచేది ఒకటుంది. కప్పు అంచున నీరు పట్టే గట్టర్ నుంచి దిగే గొట్టం ఇంకా డ్రమ్ములోకే ఉంటే, చలితోపాటు వచ్చే వానకు అది మళ్లీ నిండుతుంది. గొట్టంలోని నీటిని డ్రమ్ములోకి మళ్లించే డైవర్టర్ ఉంటే, దాన్ని మూసేయండి. అది లేకపోతే గొట్టాన్ని పక్కకు తిప్పి, నీరు పునాదికి దూరంగా పోయేలా చూడండి.

ఇక మొక్కలు. వేడి నేలలోంచి వస్తుంది కాబట్టి కప్పిన గుడ్డ నేలను తాకాలి, అంచుల మీద ఇటుకలు పెట్టాలి. గుడ్డను కాండానికి మూటలా బిగించి కడితే నేల వేడి లోపలికి రానే రాదు. పాత దుప్పటి చాలు. వాన ఉంటే పైన ప్లాస్టిక్ వేయండి, కానీ అది ఆకును తాకితే తాకినచోట ఆకు మాడుతుంది. తోటల కోసం అమ్మే తెల్ల గుడ్డ మందాన్ని బట్టి 2 నుంచి 8 డిగ్రీలు కాపాడుతుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. ఎండ వచ్చి 32 దాటగానే గుడ్డ తీసేయండి.

కుండీలో వేళ్లకు నాలుగు వైపులా చలే. అందుకే కరివేపాకు కుండీని రాత్రులు 45కి దిగడం మొదలవగానే, ఆకుల అడుగు కడిగి, ఇంట్లోకి తెచ్చి దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి. ఆకులు రాలితే కంగారుపడి నీళ్లు పోస్తారు, అక్కడే వేరు కుళ్లుతుంది. పైమట్టి రెండంగుళాలు ఆరాకే పోయాలి. మార్చి దాకా ఎరువు వద్దు.

నేలలోని మునగను అడుగున్నర ఎత్తుకు కోసి, మొదలు మీద ఎండుటాకులు, చెక్కముక్కలు అడుగు మందాన కుప్ప పోయండి. పైభాగం చచ్చినా వేరు బతికితే ఏప్రిల్‌లో చిగురు వేస్తుంది.

చలి పోయాక నల్లబడిన కొమ్మల్ని వెంటనే నరకొద్దు. ఆ కొమ్మలే తర్వాతి చలికి లోపలి కొమ్మలకు అడ్డు. మార్చి నడిమి దాటాక గోటితో బెరడు కాస్త గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగుగా ఉంటే పచ్చదనం కనబడేదాకా కిందికి గీకుతూ వచ్చి, అక్కడ కోయండి. గొట్టాన్ని తిరిగి డ్రమ్ములోకి తిప్పేది కూడా అప్పుడే. ముందు కుళాయి మూసి ఒక బకెట్టు నీళ్లు పోసి, ఎక్కడైనా కారుతోందేమో చూసుకుని, దోమతెర బిగించండి.