లోతు లేని సముద్రంలో ఇంత మందం రాయి ఎట్లా? నల్లగొండ గుట్టలు చదవడం నేర్చుకుందాం

నమస్తే అండి. మీ ఇంట్లో తాండూరు బండలు పరిచి ఉంటే ఒకసారి కాళ్ల కిందికి చూడండి. అది ఒకప్పటి సముద్రపు అడుగు. పెద్ద లోతేమీ లేదు, సూర్యుడి వెలుతురు అడుగు దాకా తాకేంత నీళ్లు. మన దగ్గర వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే సున్నపురాయి కూడా అట్లాంటిదే.

మరి నీళ్లు అంత తక్కువైతే రాయి వందల మీటర్ల మందం ఎట్లా వచ్చింది? చెరువులో పూడిక పడితే కొన్నాళ్లకు నిండిపోవాలి కదా! ఈ వీడియో అంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు స్క్రీన్ మీద ఈ గుట్ట చూడండి. నాగార్జునసాగర్‌కు దగ్గర్లో, యురేనియం వార్తల్లో మీరు పేరు విన్న లంబాపురం, పెద్దగట్టు ప్రాంతం. కింద గ్రానైటు, గుండ్రటి బండలు. పైన బల్లపరుపుగా పేర్చినట్టున్న క్వార్ట్జైటు, అంటే గట్టిపడిన ఇసుక. కింది రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. దానికీ పైపొరకూ మధ్య కనీసం 50 కోట్ల ఏళ్ల చరిత్ర లేదు. అన్నేళ్లూ ఆ గ్రానైటు నేల ఎండకూ వానకూ అరిగింది. తర్వాత నేల కుంగితే సముద్రం లోపలికి వచ్చింది. ముందుగా గులకరాళ్లు, ఇసుక పడ్డాయి. తర్వాతెప్పుడో ఈ రెండు రాళ్లు కలిసే గీత వెంట నీళ్లు పారి యురేనియాన్ని చేర్చాయి. అందుకే అక్కడ అన్ని బోర్లు వేశారు.

ఇసుక రావడం తగ్గి నీళ్లు తేటపడితేనే సున్నం పేరుకుంటుంది. అప్పటికి గవ్వలు, నత్తలు పుట్టనే లేదు. కొంత సున్నం నీళ్లలోంచి నేరుగా పేరుకుంటే, కొంత కంటికి కనపడని సూక్ష్మజీవుల జిగట పొరల్లో చిక్కుకుంది. ఆ పొరలు ఒకదాని మీద ఒకటి పెరిగి గట్టిపడితే వాటినే స్ట్రోమటోలైట్లు అంటారు. ఇట్లా సున్నం పరుచుకున్న విశాలమైన తక్కువ లోతు సముద్రాన్ని జియాలజీలో కార్బొనేట్ ప్లాట్‌ఫామ్ అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. పూడిక పడినంత వేగంగా అడుగు కూడా కిందికి దిగింది! భూపటలం సాగి పలచబడితే నేల కుంగుతుంది. దాని మీద పడ్డ పూడిక బరువు ఇంకొంచెం కుంగదీస్తుంది, నులక మంచం మీద వడ్ల బస్తాలు వేసినట్టు. బరువొక్కటే అయితే ఇంత పని జరగదు, మొదలుపెట్టింది భూమి లోపలి కదలికే. అందుకే కడప బేసిన్, అంటే ఇట్లా కుంగి పూడిక నిండిన పెద్ద పల్లం, లోతైన చోట మొత్తం పొరల మందం 10 కిలోమీటర్లు దాటుతుందని అంచనా. మన నల్లగొండ, అమ్రాబాద్ వైపు ఆ బేసిన్ ఉత్తరపు అంచు, పొరలు పలచన.

ఈ లెక్క తప్పితే రాయే చెప్తుంది. పూడిక ఎక్కువై నీళ్లు ఇంకితే బురద ఎండి పగిలిన గీతలు మిగులుతాయి. నేల గబుక్కున కుంగి నీళ్లు లోతైతే, లేదా ఎక్కడి నుంచో బురద ఎక్కువగా వచ్చి పడితే, సున్నపురాయి మీద షేల్, అంటే గట్టిపడిన బురద రాయి, కనిపిస్తుంది. మందంలో ఎంత పైకి పోయినా అలల గీతలు మళ్లీ మళ్లీ కనిపిస్తే, నీళ్లు ఎప్పుడూ తక్కువే ఉన్నాయని అర్థం. నన్నడిగితే పుస్తకంలో వయసుల పట్టిక బట్టీ పట్టడం కన్నా ఈ గీతలు గుర్తుపట్టడం నేర్చుకోవడం మేలు.

చివరికి తూర్పు నుంచి ఒత్తిడి వచ్చింది. మన వైపు పొరలు దాదాపు పడుకునే ఉన్నాయి కానీ, కృష్ణ దాటి పల్నాడు తూర్పు అంచుకు పోతే పాత నల్లమల రాళ్లు మడతలు పడి, వాటికన్నా చిన్న వయసు సున్నపురాయి మీదికి ఎక్కి కూర్చున్నాయి. కింద ఉన్నదే పాతది అనే సూత్రం అక్కడ పనిచెయ్యదు, జాగ్రత్త.

ఇక మీరు చేసి చూడండి. రాయిని మేకుతో గీకి, ఆ పొడి మీద రెండు చుక్కల నిమ్మరసం వెయ్యండి. బుసబుస పొంగితే సున్నపురాయి. పొంగకపోతే దాని అంచుతో పాత గాజు సీసా మీద గియ్యండి. గీత పడి, లోపల ఒకే రకం ఇసుక రేణువులు కనిపిస్తే క్వార్ట్జైటు. గులాబీ, తెలుపు, నలుపు గింజలు కలిసి ఉంటే గ్రానైటు, గీత అదీ పెడుతుంది. క్వారీ గోడ కిందికి మాత్రం పోవద్దు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు కాబట్టి అక్కడ రాయి ఏరుకు రాకూడదు, రోడ్డు పక్క నుంచి ఫోటో తీసుకోండి చాలు.