విరేచనాలే కదా అనకండి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, డ్యూటీ డాక్టర్లకు, సిస్టర్లకు నమస్కారం. క్యాన్సర్‌కు ఇచ్చే ఇమ్యూనోథెరపీ మందు పనిచేసే తీరు గురించి రెండు ముక్కలు చెప్పి, అసలు సంగతికి, అంటే దాని దుష్ప్రభావాలకు వస్తాను.

రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలైన మన టీ కణాలకు బ్రేకులుంటాయి. సీటీఎల్‌ఏ-4 అనే బ్రేకు మీద జేమ్స్ ఆలిసన్, పీడీ-1 మీద తసుకు హోంజో చేసిన కృషికి 2018లో నోబెల్ వచ్చింది. క్యాన్సర్ కణం పీడీ-1 బ్రేకు నొక్కి టీ కణాన్ని ఆపేస్తుంది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందులు ఆ నొక్కుడును అడ్డుకుంటాయి. అంటే క్యాన్సర్‌ను చంపేది మందు కాదు, రోగి టీ కణాలే. అవే పేగు మీద, ఊపిరితిత్తుల మీద, గుండె మీద కూడా పడగలవు.

కాబట్టి ఈ మందులతో వచ్చే విరేచనాలు కీమో విరేచనాలు కావు! విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర ఇచ్చి ఇంటికి పంపితే లోపల పేగు వాపు ముదిరిపోతుంది, పైకి తెలియదు. మామూలు కంటే రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఎక్కువైతే తీవ్రతలో గ్రేడ్ 2. ఇమ్యూనోథెరపీ తర్వాతి డోసు ఆపండి, మల పరీక్షకు పంపండి, కిలో బరువుకు రోజుకు 1 మి.గ్రా. చొప్పున ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టండి. ఏడుసార్లు, అంతకు మించి ఎక్కువైతే అడ్మిట్ చేసి, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్ నరానికి ఎక్కించాలి. మూడు రోజులైనా తగ్గకపోతే రోగనిరోధక శక్తిని అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్, కిలోకు 5 మి.గ్రా. దానికి ముందు టీబీ, హెపటైటిస్-బి పరీక్షలు కావాలి. రిపోర్టు వచ్చేదాకా రోగి ఆగలేడు, అందుకే మొదటి రోజే రక్తం పంపండి. తగ్గింది కదా అని వారానికే స్టెరాయిడ్ ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఈ మందుల ఖరీదు గురించి కూడా ఒక మాట చెప్పాలి, డోసు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో 151 మందిపై చేసిన ట్రయల్‌లో నోటి మాత్రలకు తోడు మూడు వారాలకు 20 మి.గ్రా. నివోలుమాబ్ కలిపారు. మామూలు డోసు రెండు వారాలకు 240! అయినా ఏడాది బతికినవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. మన దేశానికి ఇది ఎంత పెద్ద మాటో వేరే చెప్పాలా? కానీ డోసు తగ్గిందని జాగ్రత్త తగ్గకూడదు. మళ్లీ దుష్ప్రభావాల దగ్గరికే వస్తున్నాను, మన్నించండి.

తలనొప్పి, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, సోడియం తగ్గడం కనిపిస్తే మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి వాపు కావచ్చు. థైరాయిడ్ తక్కువుందని ముందే థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) ఇవ్వకండి. కార్టిసాల్ అనే హార్మోన్ పరీక్షకు రక్తం తీసి, ముందు హైడ్రోకార్టిజోన్ స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాక్సిన్. ఈ వరస తారుమారైతే ప్రాణం మీదికొస్తుంది.

వెనక వరసలోని సిస్టర్లూ, మీకే చెబుతున్నాను. మందు ఆపేసిన నెలలకు కూడా ఈ దుష్ప్రభావాలు రావచ్చు. రోగి "కీమో ఏమీ లేదమ్మా" అంటాడు, అది నిజమే కూడా. మీరు అడగాల్సింది, "క్యాన్సర్‌కు ఇమ్యూనోథెరపీ సెలైన్ ఎక్కించారా? చివరిది ఎప్పుడు?" అని. ఆ తేదీ, మందు పేరు ఓపీ చీటీ మీద పైనే, ఎర్ర సిరాతో రాయండి.