పడగ్గదిలో పుట్టిన పాట: బిల్లీ ఐలిష్ కథ, మూలాపేట మేడ మీద నుంచి

(తెర మీద: నెల్లూరు మూలాపేట, రాత్రి పదకొండు. మేడ మీద గది. కిటికీకి అడ్డంగా బొంత వేలాడదీసి ఉంది. ఫ్యాన్ ఆగి ఉంది.)

ఇది మా అక్కావాళ్ల ఇల్లు. మైకు ముందు కూర్చున్నది మా మేనకోడలు. మే నెలలో నెల్లూరులో ఫ్యాన్ ఆపుకుని కూర్చోవడం అంటే ఏంటో ఈ ఊరివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తిరిగితే దాని గరగర మైకులో పడుతుంది, అందుకని ఆపింది. ఒక లైను పాడుతుంది, వింటుంది, పెదవి విరిచి మళ్లీ పాడుతుంది. వీధిలో కుక్క మొరిగిందా, ఆ లైను మళ్లీ మొదటికి.

"ఎందుకే ఈ ఉడుకులో బాధ, స్టూడియోకి పోవచ్చు కదా" అన్నాను.

"బిల్లీ ఐలిష్ ఇంట్లోనే చేసింది మామయ్యా."

బిల్లీ అంటే ఇంట్లో రికార్డు చేసిన పాటలతో పేరు తెచ్చుకున్న అమెరికా గాయని. ఆ మాటలో నిజం ఎంత, మనం కలుపుకున్న కట్టుకథ ఎంత? అది చూద్దాం.

(తెర మీద: లాస్ ఏంజిలిస్ మ్యాపు. హైలాండ్ పార్క్ అనే పేట మీద చుక్క.)

బిల్లీ 2001 డిసెంబరులో పుట్టింది. అమ్మానాన్నలిద్దరూ నటులే, కానీ పేరు మోసిన స్టార్లేం కాదు. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. పాట ఎలా రాయాలో అమ్మే నేర్పింది. ఎనిమిదేళ్లప్పటి నుంచి ఊళ్లోని పిల్లల బృందంలో పాడేది. అన్న ఫినియస్ నాలుగేళ్లు పెద్ద. 'ఓషన్ ఐస్' అనే పాట అతను తన బ్యాండ్ కోసం రాసుకున్నాడు. చెల్లెలి గొంతుకైతే ఇంకా నప్పుతుందని ఆమెతో పాడించాడు.

2015 నవంబరులో ఆ పాటని సౌండ్‌క్లౌడ్‌లో, అంటే ఎవరైనా పాటలు పెట్టుకోగల ఒక సైటులో పెట్టారు. ఎందుకో తెలుసా? ప్రపంచాన్ని ఏలేయడానికి కాదు. బిల్లీ డ్యాన్స్ క్లాసుకి వెళ్లేది, అక్కడి మాస్టారు స్టెప్పులు కట్టడానికి పాట కావాలన్నాడు. ఆయనకి లింకు పంపడానికి అదే సులువని అక్కడ పెట్టారు. అప్పుడు ఆమెకి పదమూడేళ్లు. పాట వాళ్ల చెయ్యి దాటి వైరల్ అయిపోయింది. తర్వాత కొద్ది రోజులకే తుంటి దగ్గర దెబ్బ తగిలి, ఏ డ్యాన్స్ కోసం ఆ పాట పెట్టారో ఆ డ్యాన్సే ఆగిపోయింది.

మనవాళ్లు ఇక్కడ ఆపి "రాత్రికి రాత్రే స్టార్" అని రాసేస్తారు. తేదీలు చూడండి. 2016లో మ్యూజిక్ కంపెనీతో ఒప్పందం, 2017 ఆగస్టులో కొన్ని పాటల చిన్న సంకలనం, మొదటి పూర్తి ఆల్బమ్ 2019 మార్చిలో. మొదటి పాటకీ మొదటి ఆల్బమ్‌కీ మధ్య మూడేళ్ల పైన! పాట వైరల్ అయిన వారానికల్లా దుబాయ్ షో పోస్టరు వేయించే మన మేనేజర్లని తలుచుకుంటే నాకు ఆ మూడేళ్లే ఎక్కువ ముచ్చటేస్తుంది.

(తెర మీద: మైకు దగ్గరగా. దానికి నాలుగు వేళ్ల దూరంలో పెదవులు.)

ఇప్పుడు గొంతు సంగతి. బిల్లీ పాట మొదటిసారి విన్న మా అక్క అడిగింది, "ఈ పిల్లకి ఒంట్లో బాలేదా ఏంది?" అని. తప్పు పట్టలేం. మన చెవికి పాటంటే గొంతెత్తి పాడటమే. శ్రీరామనవమి పందిట్లో, స్కూలు యానివర్సరీలో, చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినపడాలి. మా మేనకోడలికి పాటల టీచరు చిన్నప్పటి నుంచి చెప్పిన మాట ఒకటే, "నోరు తెరిచి పాడమ్మా."

బిల్లీ పాడేది చివరి వరస కోసం కాదు, ఇయర్‌ఫోన్ పెట్టుకున్న ఒక్క మనిషి కోసం. మైకుకి బాగా దగ్గరగా వచ్చి మెల్లగా పాడితే రెండు జరుగుతాయి. ఒకటి, మనం వాడే రకం మైకుల్లో దగ్గరికొచ్చేకొద్దీ గొంతులో మంద్రం బరువెక్కుతుంది, చెవిలో చెప్పినట్టు ఉంటుంది. రెండు, ఊపిరీ, పెదవులు విడిపడే చప్పుడూ కూడా రికార్డవుతాయి. అక్కడే చిక్కుంది. చిన్న గొంతుని పెద్దది చేస్తే దాంతో పాటు గదిలోని చప్పుడూ పెద్దదవుతుంది. గట్టిగా పాడేవాళ్లకి ఫ్యాన్ అంత అడ్డం కాదు, గుసగుసగా పాడేవాళ్లకి అడ్డం. బొంత ఎందుకో అర్థమైందా? గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని అది మింగేస్తుంది, వీధి గోలనీ కాస్త తగ్గిస్తుంది.

2019 ఆల్బమ్‌ని చాలా వరకూ ఇంట్లో, ఫినియస్ పడగ్గదిలో రికార్డు చేశారు. స్టూడియోలో గంటకింత అని మీటరు తిరుగుతుంటుంది. ఇంట్లో ఒకే లైనుని పొద్దుగూకే దాకా పాడుకోవచ్చు, బాగొచ్చిన ముక్కల్ని అతికించుకోవచ్చు. 'బ్యాడ్ గై' పాటలో టకటకమనే ఒక చప్పుడు ఉంటుంది. అది సిడ్నీలో రోడ్డు దాటేవాళ్ల కోసం మోగే సిగ్నల్, బిల్లీ ఫోన్లో రికార్డు చేసుకొచ్చింది. ఆ పాట 2019 ఆగస్టులో అమెరికా చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది. మా పిల్ల ఇది విన్న మర్నాడే పెన్నా వంతెన మీద రైలు పోయే చప్పుడు పట్టుకొచ్చింది. సగం గాలి హోరే, కానీ పాటలో పెట్టింది.

అయితే కట్టుకథ ఏదంటే, "అంతా పడగ్గదిలోనే" అనేది. రికార్డింగ్ ఇంట్లో, నిజం. మిక్సింగ్, అంటే రికార్డు చేసిన గొంతునీ వాద్యాలనీ పాళ్లు కుదిర్చి కలపడం, చేసింది మాత్రం రాబ్ కినెల్స్కీ అనే అనుభవమున్న ఇంజనీరు. బొంత కట్టేసి ల్యాప్‌టాప్ తెరిస్తే చాలనుకునేవాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పరు.

2020 జనవరిలో అమెరికా సంగీత అవార్డులైన గ్రామీల్లో నాలుగు పెద్ద విభాగాలూ ఒకే రాత్రి ఆమెకి వచ్చాయి. అప్పటికి పద్దెనిమిదేళ్లు. అలా నాలుగూ గెలిచిన మొదటి మహిళ ఆమే. అదే రాత్రి సౌండ్ ఇంజనీరింగ్ అవార్డు కూడా ఆ ఆల్బమ్‌కే వచ్చింది. పడగ్గదిలో రికార్డు చేసిన దానికి! నాకైతే ఆ నాలుగింటికన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది. తర్వాత 2022లో, 2024లో సినిమా పాటలకి రెండు ఆస్కార్లు, రెండూ అన్నతో కలిసి.

(తెర మీద: తిప్పరాజువారి వీధి.)

అన్నాచెల్లెళ్ల పాట మన ఊరికి కొత్త కాదు. ఈ వీధిలోనే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి ఇల్లు. నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. చెల్లెలు శైలజ గారు కూడా గాయని అయ్యారు, అన్నతో కలిసి పాడారు. ఆ ఇంటిని బాలు గారు 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆయన పాడటం మొదలుపెట్టిన రోజుల్లో వాద్యాలన్నీ, గాయకులూ ఒకేసారి కలిసి వాయించి పాడాలి. ఎవరు తడబడినా అందరూ మొదటికి రావాల్సిందే. ఇప్పుడు మా పిల్లకి కుక్క తప్ప ఇంకెవరూ అడ్డం లేరు.

ఇక డబ్బు. ఇక్కడ మా ఇంట్లో ఒక దెబ్బ తగిలింది. రెండేళ్ల కింద ఒక స్టూడియోవాళ్లు డబ్బు తీసుకుని మా పిల్లతో పాత సినిమా పాట పాడించి వీడియో తీశారు. తీసి వాళ్ల ఛానెల్లో పెట్టుకున్నారు. వ్యూస్ బాగానే వచ్చాయి, మాకు రూపాయి రాలేదు. అడిగితే, "మీ పాపకి పేరొచ్చింది కదా సార్" అన్నారు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు, గమ్మున ఊరుకున్నాం.

ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. సాహిత్యమూ ట్యూనూ కలిసి ఒకటి, ఆ రికార్డింగ్ ఇంకొకటి. సినిమా పాట పాడినప్పుడు మొదటిది మనది కాదు. యూట్యూబ్ దాన్ని గుర్తుపడితే ప్రకటనల డబ్బు మ్యూజిక్ కంపెనీకి పోతుంది. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి రచయితలకీ, సంగీత దర్శకులకీ, గాయకులకీ రాయల్టీ హక్కుల్ని గట్టి చేశారు. కానీ చట్టం ఉన్నా, ఎవరు రాశారో ఎవరు ట్యూన్ కట్టారో కాగితం లేకపోతే అడగడం కష్టం. బిల్లీ, ఫినియస్ తమ పాటలు తామే రాసుకుంటారు కాబట్టి పాడినందుకే కాదు, రాసినందుకూ వాటా వస్తుంది. కవర్లు, అంటే వేరేవాళ్ల పాటలు మళ్లీ పాడి పేరు తెచ్చుకోవడం తప్పని నేననను. పేరు వేరు, పాట మీద హక్కు వేరు.

(తెర మీద: మళ్లీ మేడ మీద గది. చాప మీద రూళ్ల నోటుబుక్కు. మేనకోడలు, పక్కన బీటెక్ చదివే అన్న.)

అందుకే ఈసారి పాట మొదలుపెట్టకముందే వాటాలు రాసుకోమన్నాను. మాటలు ఆమెవి, ట్యూన్ ఇద్దరిదీ, కీబోర్డు వాడిది. సగం సగం అంది చెల్లెలు. వాడు అరవై కావాలన్నాడు.

"ఎందుకురా అరవై?"

"ల్యాప్‌టాప్ నాది కదా మామయ్యా."

"బొంత నాది" అంది ఆ పిల్ల.

అరగంట బేరం. ఈలోగా కిందనుంచి అక్క, "తింటారా, పడుకుంటారా" అని కేకేసింది. చివరికి యాభై ఐదు, నలభై ఐదు దగ్గర ఆగింది. యాభై ఐదు పిల్లకి. ఇద్దరూ సంతకాలు పెట్టి తేదీ వేశారు. వాడు లేచి ఫ్యాన్ స్విచ్ వేయబోతే, వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

(తెర మీద: ఆగి ఉన్న ఫ్యాన్ రెక్కలు. మెల్లగా పాట.)