కెప్టెన్ పేరు గుర్తులేని ఓడ నవల

అందరికీ నమస్కారం.

పుస్తకాల మనుషులు కలిసిన చోట తరచూ వినబడే ప్రశ్న ఒకటుంది. "ఎప్పుడో చదివానండీ. తెరచాపల ఓడలు, ఇంగ్లిష్ కెప్టెన్, ఫ్రెంచివాళ్లతో యుద్ధాలు, చాలా భాగాలున్నాయి. పేరేంటో చెప్పగలరా?" అడిగినాయన అంతా చెప్పేశాననుకుంటాడు. పాపం, ఏమీ చెప్పనట్టే. ఈ కోవకు చెందిన సీరీస్‌లలో చాలావాటికి ఆ ఆనవాళ్లు సరిపోతాయి. ఓడ పేరు గుర్తున్నా పెద్ద లాభం లేదు, కెప్టెన్ ఓడలు మారుతూనే ఉంటాడు.

నేనైతే యుద్ధాల ఊసు ఎత్తను. ఆ మనిషికున్న లోపమేంటో అడుగుతాను.

సముద్రం పడక వాంతులు చేసుకుంటాడా? అయితే సి.ఎస్. ఫారెస్టర్ సృష్టించిన హోరేషియో హార్న్‌బ్లోవర్. లంగరేసి ఉన్న ఓడలోనే కడుపులో తిప్పేసి అందరిలో నవ్వులపాలైన కుర్రాడు. సంగీతం చెవికెక్కదు, విస్ట్ పేకాటలో మాత్రం దిట్ట. ఉద్రేకంలో 'ర' పలకడానికి అవస్థపడుతూ నుదుటి మీది మచ్చ రుద్దుకుంటాడా? డడ్లీ పోప్ రాసిన రామేజ్. ఊరు ఫాల్మత్, వెంట ఆల్డే అనే నమ్మినబంటు ఉంటే 'బొలైతో' అనే కెప్టెన్. రచయిత పేరు అట్ట మీద అలెగ్జాండర్ కెంట్ అని ఉంటుంది. అసలు మనిషి డగ్లస్ రీమన్. యుద్ధంలో చనిపోయిన స్నేహితుడి పేరును కలం పేరుగా పెట్టుకున్నాడు. అందుకే రీమన్ పేరుతో వెతికితే బొలైతో దొరక్కపోవచ్చు.

ఇక కెప్టెన్ వయొలిన్, ఓడ డాక్టరు చెల్లో వాయించుకుంటుంటే ఆలోచించక్కర్లేదు, పాట్రిక్ ఓబ్రయన్ రాసిన ఆబ్రీ, మాచురిన్‌ల కథ. 1969లో మొదలైంది, 20 నవలలు పూర్తయ్యాయి. ఓడ మీద స్లాత్ అనే జంతువు తాగి పడిపోయిన ఘట్టం గుర్తుందా? 1973లో వచ్చిన మూడో నవలలోది. చెట్టు కొమ్మకు తలకిందులుగా వేలాడే ఆ సోమరి జంతువును డాక్టరు ముచ్చటపడి ఓడెక్కిస్తాడు. అందరితోనూ బాగానే ఉంటుంది కానీ కెప్టెన్ మొహం చూస్తే దానికి ఏడుపు. ఆయన దాన్ని మచ్చిక చేసుకోవాలని రమ్ములో నానబెట్టిన కేకు ముక్కలు పెడతాడు. కొన్నాళ్లకు డాక్టరొచ్చి చూస్తే జంతువు మత్తులో జోగుతుంటుంది. నా స్లాత్‌ను చెడగొట్టావని ఆయన కెప్టెన్ మీద మండిపడతాడు. ఈ పుస్తకం చదివినవాళ్లు నౌకాయుద్ధాలు మర్చిపోయినా దీన్ని మర్చిపోరు.

"మొదటి భాగంలో హీరో కుర్రాడా, కెప్టెనా?" అనేది కొంచెం తిరకాసు ప్రశ్న. హార్న్‌బ్లోవర్ 1937లో వచ్చిన మొదటి పుస్తకంలోనే కెప్టెన్. కుర్రతనం కథ 1950లో వచ్చింది. కాబట్టి ఇద్దరు పాఠకులు ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నా ఇద్దరిదీ నిజమే కావచ్చు. చదివిన ఏడాది మాత్రం బాగా పనికొస్తుంది. కాలేజీ రోజుల్లో, 1985లో చదివానంటే జూలియన్ స్టాక్‌విన్ రాసిన 'కిడ్' అనే హీరో కథను జాబితాలోంచి కొట్టేయొచ్చు. విగ్గులు చేసుకునే కుర్రాణ్ణి బలవంతంగా ఓడెక్కించే ఆ కథ 2001లో గానీ మొదలవలేదు.

సినిమా చూసిన జ్ఞాపకాన్నీ కొంచెం అనుమానించాలి. ఆబ్రీగా రసెల్ క్రో నటించిన 2003 నాటి సినిమాలో శత్రువు ఫ్రెంచి ఓడ. దానికి ఆధారమైన ఆబ్రీ సీరీస్ పదో నవలలో అమెరికా ఓడ. సినిమా చూసినవాళ్లు పుస్తకంలోనూ ఫ్రెంచివాళ్లే ఉన్నారని ఒట్టేసి చెబుతారు.

నిజమైన మనిషి పేరు ఒక్కటి తగిలితే పని సులువవుతుంది. ఉదాహరణకు ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్. 1801లో బ్రిటిష్ కెప్టెన్ కొక్రేన్ నడిపే చిన్న ఓడ స్పీడీని పట్టుకున్నది ఈయన దళమే. కొక్రేన్ సాహసాల మీదే ఆబ్రీ మొదటి నవల నడుస్తుంది. ఇందాకటి స్లాత్ నవలలోనూ లినోయ్ ఎదురవుతాడు. ఈయన మన తీరానికీ వచ్చాడు. 1804 సెప్టెంబరు 15న మూడు యుద్ధనౌకలతో విశాఖపట్నం ముందు ప్రత్యక్షమై, అక్కడున్న బ్రిటిష్ ఓడ సెంచూరియన్ మీద పడ్డాడు. ఒక వర్తక నౌకను పట్టుకుపోయాడు, సెంచూరియన్ మాత్రం చిక్కలేదు.

ఇప్పుడు మీ వంతు. ఎవరికైనా పేరు తెలియని ఓడ నవల బుర్రలో తిరుగుతుంటే చెప్పండి. ముందు ఆ కెప్టెన్‌కి ఏం చేతకాదో చెప్పండి, అక్కణ్ణుంచి వెతుకుదాం.