వలెన్సియాకు దారి: విమానమా, రైలా?

నమస్కారం. స్పెయిన్ తూర్పు తీరంలో మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న వలెన్సియా, మాడ్రిడ్, బార్సిలోనాల తరువాత ఆ దేశంలో మూడవ పెద్ద నగరం. హైదరాబాద్ నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు కనుక మన ప్రయాణికులు సాధారణంగా దుబాయ్‌లోనో దోహాలోనో మారి, మాడ్రిడ్‌లోనో బార్సిలోనాలోనో దిగుతారు. అక్కడి నుంచి మరో విమానం పట్టుకోవాలా, రైలెక్కాలా అని చాలామంది తటపటాయిస్తారు. రైలే ఎక్కమని నా సలహా. అయితే ఏ స్టేషన్‌లో ఎక్కాలో, ఏ స్టేషన్‌లో దిగుతామో ముందే తెలుసుకుని బయలుదేరాలి.

మాడ్రిడ్, వలెన్సియాల మధ్య హైస్పీడ్ రైలు మార్గం 2010 డిసెంబరులో మొదలైంది. సుమారు 390 కిలోమీటర్ల ఈ దూరాన్ని వేగవంతమైన రైళ్లు రెండు గంటల లోపే దాటిస్తాయి. విమానం గాలిలో ఉండేది గంటే అయినా, దానికి ముందు తనిఖీలకూ తరువాత సామాను కోసం ఎదురుచూపులకూ పట్టే సమయాన్ని కలుపుకుంటే ఆ లాభం మిగలదు. పైగా ఈ మార్గంలో ప్రభుత్వ సంస్థ రెన్‌ఫేతో పాటు ఒయిగో, ఇర్యో అనే సంస్థలు కూడా రైళ్లు నడుపుతూ పోటీ పడుతున్నాయి కనుక, ముందుగా కొన్నవారికి టికెట్లు చవకగా దొరికే అవకాశం ఉంది.

మొదటి జాగ్రత్త మాడ్రిడ్‌లోనే అవసరం. చాలా ఏళ్లపాటు వలెన్సియా రైళ్లు అటోచా స్టేషన్ నుంచి బయలుదేరేవి, పాత యాత్రా పుస్తకాల్లో ఇప్పటికీ అదే కనిపిస్తుంది. నగరం కింద కొత్త సొరంగం 2022లో అందుబాటులోకి వచ్చాక ఆ రైళ్లు ఉత్తరాన ఉన్న చమార్తిన్ స్టేషన్‌కు మారాయి. బరాహాస్ విమానాశ్రయం నాలుగవ టెర్మినల్ నుంచి చమార్తిన్‌కు సెర్కనియాస్ అనే లోకల్ రైలు నేరుగా వెళుతుంది. రెన్‌ఫే దూరప్రయాణపు టికెట్ కొన్నవారు ఈ లోకల్ రైలుకు వేరుగా డబ్బు కట్టనక్కరలేదు. టికెట్ మీద ఉన్న కోడ్‌ను స్టేషన్‌లోని యంత్రంలో నమోదు చేస్తే చాలు, లోకల్ టికెట్ చేతికి వస్తుంది. చమార్తిన్‌లో హైస్పీడ్ రైలెక్కే ముందు సామాను స్కానర్ గుండా పంపాలి, గేట్లు కూడా రైలు కదలడానికి కాస్త ముందే మూసేస్తారు. మన ఊళ్లలోలాగా కదిలే రైలును అందుకోవడం అక్కడ కుదరదు.

రెండవ జాగ్రత్త వలెన్సియాలో. స్పెయిన్ పాత రైలు మార్గాల్లో పట్టాల మధ్య వెడల్పు 1,668 మిల్లీమీటర్లు, అంటే 1,676 మిల్లీమీటర్ల మన బ్రాడ్ గేజ్‌కు దాదాపు సమానం. హైస్పీడ్ మార్గాలను మాత్రం 1,435 మిల్లీమీటర్లతో వేశారు. అందువల్ల కొత్త రైళ్ల కోసం, స్థానిక చిత్రకారుడు హొవాకిన్ సొరోయా పేరుతో 2010లో తాత్కాలికంగా వేరే స్టేషన్ కట్టారు. ప్రాంతీయ రైళ్లు సుమారు 800 మీటర్ల దూరంలోని పాత ‘నోర్ద్’ స్టేషన్ నుంచి నడుస్తాయి. రెండింటి మధ్య ఉచిత బస్సు ఉన్నా, చేతిలో బరువు లేకపోతే నడవండి. 1917లో ప్రారంభమైన నోర్ద్ స్టేషన్ నగరంలోని అందమైన భవనాల్లో ఒకటి. ముఖభాగం మీద నారింజ పండ్లు, పూలు చెక్కి ఉంటాయి. లోపల టికెట్ల హాలు గోడల మీద, రంగురంగుల మొజాయిక్ పలకల్లో, ‘శుభ ప్రయాణం’ అనే మాట పలు భాషల్లో కనిపిస్తుంది. మీరు ఎక్కే రైలు అక్కడిది కాకపోయినా ఆ హాలులో ఒక పది నిమిషాలు నిలబడి చూడవలసిందే.

బార్సిలోనాలో దిగినవారికి సాంట్స్ స్టేషన్ నుంచి యూరోమెడ్ రైలు ఉంది, దాదాపు మూడు గంటల ప్రయాణం. ఒకప్పుడు తరగోనాకు దక్షిణంగా ఒంటి లైను మీద ఎదురు రైళ్ల కోసం ఆగవలసి వచ్చేది. 2020 జనవరిలో జంట లైను తెరిచాక ఆ ఇబ్బంది తీరింది. దక్షిణానికి వెళ్లేటప్పుడు సముద్రం ఎడమవైపు ఉంటుంది, కస్తెయోన్ దగ్గర నారింజ తోటలు మొదలవుతాయి.

రోడ్డు దారి గురించి చెప్పవలసింది తక్కువే. మాడ్రిడ్ నుంచి ఏ-3 రహదారి మీద టోల్ లేదు. బస్సు చవక, కానీ నాలుగు గంటలకు పైగా పడుతుంది.

యూరప్‌లోని ఇతర నగరాల్లో ఉంటున్న తెలుగువారికి మాత్రం నేరుగా వలెన్సియాకు విమానంలో వెళ్లడమే మేలు. నగరానికి పడమరగా సుమారు 8 కిలోమీటర్ల దూరంలో, మనీసెస్‌లో ఉన్న విమానాశ్రయం నుంచి మెట్రో 3, 5 లైన్లు మధ్య నగరానికి వెళతాయి. నోర్ద్ స్టేషన్ కోసం షాతివాలో, రేవు వైపు వెళ్లాలంటే మరితిమ్‌లో దిగాలి. ఆధునిక ట్రామ్‌ను స్పెయిన్‌లో మొదటిసారి, 1994లో, ప్రవేశపెట్టింది ఈ నగరమే. నాలుగవ నంబరు ట్రామ్ ఇప్పటికీ బీచ్ దాకా తీసుకువెళుతుంది.

ఒక విషయం మరువకూడదు. 2024 అక్టోబరు 29న ముంచెత్తిన వరదల్లో ఈ ప్రాంతంలో రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సొరంగాలు దెబ్బతిని మాడ్రిడ్ హైస్పీడ్ మార్గం నవంబరు 14 వరకు మూతపడింది, మెట్రో లైన్లూ దెబ్బతిన్నాయి. శరదృతువులో అక్కడ కుండపోత వానలు సహజం కనుక, సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య వెళ్లేవారు బయలుదేరే ముందు రోజు వాతావరణ హెచ్చరికలనూ రైళ్ల సమాచారాన్నీ తప్పక చూసుకోండి. తిరుగు ప్రయాణంలో మాడ్రిడ్‌లో విమానం అందుకోవలసి ఉంటే, ముందు రోజే అక్కడికి చేరుకుని రాత్రికి అక్కడే బస చేయండి.